సముద్రం దాటిన దరువు

దీవుల సంగీతం స్ఫూర్తిగా ఒక ఆల్బం రాబోతున్నదని ప్రకటన వెలువడేనాటికి, అందులో పాల్గొంటున్నవారిలో ఒక్కరూ దీవిని చూసి ఎరగరు. ఇదేమీ లోటు కాదు. చూసినవాడు చూసినదానికి కట్టుబడి ఉండాలి, చూడనివాడి ఊహకు ఒడ్డే ఉండదు అని నిర్మాతగారు మొదటి సమావేశంలోనే సెలవిచ్చారు. సమావేశమంటే ఎవరి ఊళ్ళో వాళ్ళు, ఎవరి ఇంట్లో వాళ్ళు, ఎవరి తెర ముందు వాళ్ళు కూర్చోవడం.

"మనం ఒకరికొకరం దూరంగా ఉన్నాం. దీవులూ అంతే. కాబట్టి మిత్రులారా, మనలో ప్రతి ఒక్కరూ ఒక దీవే" అన్నారు నిర్మాత. గాయని పరవశించి కళ్ళు మూసుకుంది. గిటారిస్టు చప్పట్లు కొట్టాడు గానీ, మైకు ఆపి ఉన్నందువల్ల ఆ గౌరవం నిర్మాతకు చేరలేదు.

డ్రమ్ములు వాయించే బ్యాండు బాబాయికి ఆ ఉపన్యాసం సగమే అర్థమైంది. అర్థం కాని సగం ఇంకా గొప్పగా ఉంటుందని నమ్మాడు. ఆయన ఒకప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లో ముందు నడిచి వాయించినవాడు. స్పీకర్ల బండ్లు వచ్చాక బ్యాండు చెదిరిపోయింది. ట్రంపెట్ ఊదే ఆయన సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. పెద్ద డ్రమ్ము మీద ఇంట్లోవాళ్ళు దుప్పట్లు మడిచి పెట్టుకుంటున్నారు. ఇన్నేళ్ళకు ఎవరో వాయించమని అడిగారు. దీవి కోసమన్నా, చంద్రమండలం కోసమన్నా బాబాయి సిద్ధమే.

గదిలో శబ్దం గోడలకు కొట్టుకుంటోందని, బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, సగం ఒళ్ళు అందులో పెట్టి రికార్డు చేసేవాడు. భార్యకు తువ్వాలు కావాలంటే పాట పూర్తయ్యేదాకా ఆగవలసిందే.

మొదట పంపింది తనకు బాగా వచ్చిన ఊరేగింపు దరువు. ముందు చిందులేసేవాళ్ళకు ఊపు తగ్గకూడదు, వెనక పెళ్ళికారు వాళ్ళ కాళ్ళ మీదికి రాకూడదు. ఆ రెండింటి మధ్య ఊగుతూ నడిచే దరువది. తండ్రి దగ్గర నేర్చుకున్నాడు.

నిర్మాత దాన్ని తిప్పి పంపారు. "ఇందులో రోడ్డు వినిపిస్తోంది. ఉప్పు తగ్గింది."

"ఉప్పు తగ్గితే వంటింట్లో ఉంది, తీసుకోండి" అంది భార్య.

బాబాయి మళ్ళీ వాయించాడు. ఈసారి ఇసుక చాలలేదన్నారు. ఆ తర్వాత గాలి ఎక్కువైంది. టబ్బులో నీళ్ళు పోసి అరచేత్తో కొట్టి పంపితే, అది సముద్రం కాదు, చెరువు అని తేల్చారు. అందరూ కలిసి వాయించబోతే ఒకరి శబ్దం ఇంకొకరికి ఆలస్యంగా చేరి, పెళ్ళివారింట్లో గిన్నెలు జారిపడినట్టయింది. దానికి నిర్మాత 'అలల సంభాషణ' అని నామకరణం చేసి, అందరినీ పేరుపేరునా అభినందించారు.

చివరికి ప్రామాణికత కోసం నిజమైన దీవి మనిషినే ఒకణ్ణి వెతికి పట్టారు. పడవలు బాగుచేసుకుంటూ, పెళ్ళిళ్ళలో వాయించే మనిషి. అతను పంపిన రికార్డింగు నిండా కంప్యూటరు డ్రమ్ముల మోత. దీవిలో పెళ్ళివాళ్ళు ఇప్పుడు అదే అడుగుతున్నారట. నిర్మాత నొచ్చుకున్నారు.

"పాపం, ఆయనకు దీవి మీద అవగాహన తక్కువ. బాబాయిగారూ, మీరు కాస్త తర్ఫీదు ఇవ్వండి" అన్నారు.

ఆ విధంగా, దీవి చూడనివాడు దీవివాడికి దీవిని నేర్పే మహత్కార్యం మర్నాడే మొదలైంది.

"ఏం నేర్పాలో నాకూ తెలీదు తమ్ముడూ" అన్నాడు బాబాయి తెరలోకి చూస్తూ.

"పోనీ, మామూలుగా ఏం వాయిస్తారో అదే వాయించండన్నా" అన్నాడు దీవి తమ్ముడు.

బాబాయి ఊరేగింపు దరువు ఎత్తుకున్నాడు. దీవి తమ్ముడు కాసేపు విని, ఉలి పక్కన పెట్టి, మరమ్మతుకు బోర్లించిన పడవ మీద రెండు చేతులతో అందుకున్నాడు. ఆ శబ్దం రావడానికి కొంచెం ఆలస్యమవుతోంది. బాబాయి దాని కోసం దరువులో కాస్త చోటు వదిలాడు. అది వచ్చి, పీట వేస్తే కూర్చున్నట్టు అందులో కూర్చుంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. తువ్వాలు కోసం వచ్చిన భార్య అడగడం మరిచిపోయి మంచం మీద కూర్చుండిపోయింది.

"మామయ్యగారు గుర్తొచ్చారండీ" అంది ఆపాక.

దీవి తమ్ముడు పడవ మీద వాయించింది రికార్డు చేసి, 'అన్న నేర్పిన దరువు' అని రాసి మరీ పంపాడు. రాసింది చదివే తీరిక నిర్మాతకు లేదు. విన్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అత్యవసర సమావేశం పిలిచారు.

"వేల ఏళ్ళ సముద్రం ఈ మనిషి అరచేతుల్లో దాగి ఉంది. దీనికి బడి లేదు, గురువు లేడు. ఇది నేర్పితే వచ్చేది కాదు" అన్నారు.

"అది మా వీధి ఊరేగింపు దరువండీ. నేను మొదట పంపిందే" అన్నాడు బాబాయి.

"నిజమే సార్, అన్నే నేర్పాడు" అన్నాడు దీవి తమ్ముడు.

నిర్మాత చాలాసేపు కదల్లేదు. నెట్టు ఆగిపోయిందేమో అనుకున్నారు అందరూ.

"మీ ఇద్దరి వినయానికి నమస్కారం" అన్నారాయన చివరికి. "కానీ ఈ మాట బయట అనకండి. దీవి ప్రజల మనోభావాలు దెబ్బతింటాయి."

అక్కడున్న దీవి ప్రజ ఒకే ఒక్కడు. తనకేమీ తగల్లేదని అతను చెప్పబోతుండగా మైకు ఆపేశారు.

ఆల్బం విడుదలైంది. మన నగరాల మురికి సోకని స్వచ్ఛమైన లయ అని విమర్శకులు రాశారు. బాబాయి వాయిస్తే దరువు, దీవి నుంచి వస్తే లయ. అట్ట మీద 'మూల లయ' అని దీవి తమ్ముడి పేరు వేశారు. బాబాయి పేరు వెనక వైపు, వైర్లు అద్దెకిచ్చినవారి పక్కన ఉంది.

"చెప్పి చూశానన్నా, వినలేదు" అని దీవి తమ్ముడు ఫోనులో బాధపడ్డాడు.

"పోనీలేవోయ్, దరువు బతికింది, అది చాలు" అన్నాడు బాబాయి. అన్నాడు గానీ, ఆ పూట అన్నం సగంలోనే లేచాడు.

ఊళ్ళో ప్రతి పెళ్ళికీ ద్వీప లయ కావలసివచ్చింది. ఒక పెళ్ళికూతురి తండ్రి ఆరా తీస్తూ బాబాయి ఇంటికి వచ్చాడు.

"మీరు దీవివారేనా?"

"కాదండీ. ఆ దరువు ఈ వీధిదే. మా నాన్న వాయించేవాడు. కావాలంటే ఇప్పుడే వినిపిస్తాను."

పెద్దమనిషి మంచినీళ్ళు తాగి, మర్యాదగా సెలవు తీసుకుని, నేరుగా దీవి తమ్ముణ్ణి కుదుర్చుకున్నాడు. దీవి తమ్ముడు ఒకే షరతు పెట్టాడు. పక్కన వాయించే మనిషిని తనే తెచ్చుకుంటాడు.

ఊరేగింపు రోజున ఇద్దరూ మొదటిసారి ఎదురెదురుగా నిలబడ్డారు. పెళ్ళివారిచ్చిన పువ్వుల చొక్కాలు వేసుకున్నారు.

"తెరలో ఇంకాస్త పొడుగ్గా కనబడ్డావే" అన్నాడు బాబాయి.

"మీరు బీరువాలోంచి బయటికి రారేమో అనుకున్నానన్నా."

ఇప్పుడు శబ్దానికి ఆలస్యం లేదు. బాబాయి అన్నాళ్ళుగా వదులుతూ వచ్చిన చోట దీవి తమ్ముడి చెయ్యి సరిగ్గా పడింది. వీధి వీధంతా ఊగింది. చెమటతో తడిసిన పెళ్ళికొడుకు మేనమామ బాబాయి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆయన పక్కన ఉండి జాగ్రత్తగా నేర్చుకోండి. ఇలాంటివి మన దగ్గర పుట్టవు."

"అవునండీ" అన్నాడు బాబాయి, చేతులు ఆపకుండా.

ఆ ఊరేగింపుకు మీరూ వచ్చారు. ముందు వరుసలోనే చిందులేశారు. మేనమామగారి మాటకు అందరికంటే ముందు తలూపింది మీరే.