పరుపుల ప్రెసిడెంట్

మా దేశానికి ప్రెసిడెంట్ ఎజ్రా మార్ల్‌బీ చేసిన మహోపకారం ఏమిటో తెలుసా? సగం ధరకి పరుపు! కాదన్నవాళ్లు ఫిబ్రవరిలో ఆయన పుట్టిన ఊరికి, అంటే ఒహాయోలోని మా ఊరికి వచ్చి, ఆయన పుట్టినరోజు సేల్ చూసి మాట్లాడండి.

ఇంకేవో కూడా చేశాడంటారు లెండి. చిన్నప్పుడు నూలుమిల్లులో ఒక వేలు పోగొట్టుకున్నాడట. పదవిలోకి రాగానే పిల్లల్ని మిల్లుల్లోంచి బడికి తోలాడట. లంచాల రాయుళ్లని ఆఫీసుల్లోంచి తరిమాడట. పని ఎనిమిది గంటలు దాటకూడదని చట్టం తెచ్చి, మిల్లు యజమానుల చేత నానా తిట్లూ తిన్నాడట. ఇదంతా ఆయన విగ్రహం కింద చెక్కి ఉంది. ఆ చలిలో నిలబడి ఎవరు చదువుతారండీ? పరుపు ధరైతే మైలు దూరం నుంచే కనిపిస్తుంది!

ఆరోజు బ్యాంకులకి సెలవు, కోర్టుకి సెలవు, నాకూ సెలవు. కొట్లవాళ్లకి కూడా సెలవిచ్చేస్తే మేమంతా ఎక్కడికెళ్లి కొనుక్కోవాలి? అందుకే పొద్దున్నే తెరిచి రాత్రి తొమ్మిదింటికి మూస్తారు. ఎంత త్యాగం!

కోర్టు మెట్లకి ఎదురుగా ఉన్న పరుపుల కొట్టులో లోర్నా ప్రూయిట్ పనిచేస్తుంది. ఏటా ఈరోజున అట్ట టోపీ, పెట్టుడు గడ్డంతో మార్ల్‌బీ వేషం వేసుకుని, మంచులో నిలబడి, వచ్చేపోయే కార్లకి సేల్ బోర్డు ఊపడం ఆమె డ్యూటీ. దేశాధ్యక్ష హోదా ఊరికే దక్కుతుందా!

అంత అదృష్టం పట్టినావిడ ఈసారి కాసేపు సెలవడిగింది. కూతురు టెస్ మూడింటికి కోర్టు మెట్ల మీద మార్ల్‌బీ వేషంలో ఆయన ఉపన్యాసం చెబుతుందట. ఊళ్లో ఇంతమంది పిల్లల్లో దాన్నే ఎంచారట. ముందు వరసలో కూర్చుని చూడాలని తల్లి ఆశ.

కొట్టు యజమాని గ్రేడీ నిర్ఘాంతపోయాడు. "ఆ మహానుభావుడి పుట్టినరోజునే పని ఎగ్గొడతావా? ఆయనంటే బొత్తిగా గౌరవం లేదూ?"

"గౌరవం ఉంది కాబట్టే అడుగుతున్నా సార్."

"అయితే ఆ గడ్డం సరిచేసుకో. జారిపోతోంది."

మూడింటికి నేను ఆ కొట్లోనే, తలుపు పక్క పరుపు మీద వెల్లకిలా పడుకుని మెత్తదనం పరీక్షిస్తున్నాను. అవతల మైకులోంచి టెస్ గొంతు ఖంగుమంది. "పనిచేసే ప్రతి మనిషీ రాత్రి భోజనానికి తన పిల్లల దగ్గరుండాలి!"

జనం చప్పట్లు కొట్టారు. లోర్నా కూడా బోర్డు చంకలో పెట్టుకుని చేతులెత్తింది. గ్రేడీ లోపల్నుంచి అద్దం మీద టకటకా తట్టాడు. ఆమె మళ్లీ బోర్డు ఊపింది.

ఉపన్యాసం అవగానే ఆ పిల్ల తన బుల్లి గడ్డంతోనే రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, వినపడిందా?"

"ప్రతి ముక్కా వినపడిందే బంగారం! ఎంత బాగా చెప్పావో!"

"మరి పద, ఇంటికెళ్దాం."

"తొమ్మిదైపోతుందే నాకు. ఫ్రిజ్‌లో మాకరోనీ ఉంది, వేడిచేసుకు తినేసి పడుకో, సరేనా?"

పిల్ల గడ్డం ఊడదీసి తల్లి చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

"ఎలా ఉంది సార్?" అని గ్రేడీ నన్నడిగాడు.

దివ్యంగా ఉందన్నాను. కొన్నాను కూడా. నేను కట్టింది సగం ధరే. మిగతా సగం బయట మంచులో నిలబడి లోర్నా కడుతోంది.