ఎర్ర గీత ఎవరిది?

ఆ రోజుకి క్లస్టరమ్మ వేసుకున్న ప్రణాళిక నిక్షేపంగా ఉంది. టిఫిన్లయ్యాక భోజనాల బల్ల తుడుచుకుని లాప్‌టాప్ పెట్టుకోవడం, పదింటి మీటింగులో ముఖం చూపించడం, మధ్యాహ్నానికి ట్రేసింగ్ పని ముగించడం, సాయంత్రం డైరెక్టరు గారికి చూపించి గండం గట్టెక్కడం. మధ్యలో, పైపు అడ్డుపడిన వాషింగ్ మెషీన్ బాగుచేయడానికి మెకానిక్ వస్తే అతనికి దారి చూపించి, పని అయ్యేదాకా తలమీద నిలబడడం అత్తగారి వంతు.

క్లస్టరమ్మ అసలు పేరు అది కాదు. పిల్లల బూట్లు ఆన్‌లైన్లో అమ్మే కంపెనీలో ఆమె ఇంజనీరు. అమ్మకం నడిపించే ప్రోగ్రాములు ఒక్కోటీ ఒక్కో కంటెయినర్లో, అంటే మూత బిగించిన డబ్బాలాంటి దానిలో ఉంటాయి. ఆ డబ్బాలన్నింటినీ మోసే కంప్యూటర్ల గుంపే క్లస్టరు. దాన్ని చూసుకునేది ఆమె. కంపెనీలో ఏది చెడినా ముందు తలుచుకునేది ఆమెనే కాబట్టి, ఎవరో ముద్దుగానో కసిగానో ఆ పేరు పెట్టారు. అతుక్కుపోయింది.

కొంతకాలంగా ఆర్డర్లు నత్తనడక నడుస్తున్నాయి. 'కొనండి' అని ఉన్నచోట నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. అది ఆగేలోపు పిల్లవాడి పాదం ఒక సైజు పెరిగిపోతుందని కొన్నవాళ్ళు వెటకారంగా రాస్తున్నారు. స్టాకు చూసేవారు, డబ్బు తీసుకునేవారు, కొరియరు కుదిర్చేవారు ముగ్గురూ ఏకకంఠంతో చెప్పేది ఒక్కటే: "మాది బాగానే ఉందండీ. క్లస్టరే స్లో." రేపటి నుంచి బడులు తెరిచే ముందు జరిగే పెద్ద అమ్మకం. సాయంత్రంలోగా కారణం తేలకపోతే క్లస్టరుని బయటి కంపెనీకి అప్పగిస్తామని డైరెక్టరు గారు ప్రకటించారు. క్లస్టరు బయటికి వెళ్తే క్లస్టరమ్మ లోపల ఉండి చేసేదేముంది? ఇంట్లో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు కాని, నాలుగు రోజులుగా ఆమెకి అన్నం సహించడం లేదు.

అందుకే ఈ ట్రేసింగ్. అది ప్రతి ఆర్డరు మెడలో ఒక నంబరు బిళ్ళ కడుతుంది. ఆ ఆర్డరు ఏ డబ్బాలోకి ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు బయటపడింది రాసుకుని, తెర మీద గీతలుగా పరుస్తుంది. ఎవరి దగ్గర ఎక్కువసేపు కూర్చుంటే వారి గీత అంత పొడుగు. మరీ పొడుగైతే ఎరుపు. ఇక 'మాది బాగానే ఉంది' అనే మాటకి చోటుండదు.

పదింటికల్లా ఆమె దాన్ని క్లస్టరంతటా పెట్టేసింది. అన్నీ పచ్చగా వెలిగాయి. కాని గీతలు మాత్రం రాలేదు. ఒక్క ఆర్డరు జాడ కూడా లేదు. తెర మీద ఉన్నదల్లా ఆ ట్రేసింగ్‌తో పాటు వచ్చిన నమూనా బొమ్మ. చూసి నేర్చుకోమని వాళ్ళే గీసి ఇచ్చిన నాలుగు గీతలు: మూడు పొట్టి నీలాలు, ఒకటి ఈ చివరి నుంచి ఆ చివరికి సాగిన ఎరుపు.

సరిగ్గా అప్పుడే మీటింగు మొదలైంది. వంటింట్లో అత్తగారు మిక్సీ వేశారు. ఆ చప్పుడు ఆఫీసుకి వినిపించకుండా క్లస్టరమ్మ మైకు ఆపింది. డైరెక్టరు గారు "తెర చూపించండి" అన్నారు. చూపించింది.

"అబ్బో! వచ్చేశాయే గీతలు! ఆ ఎర్రది ఎవరిది?" అన్నారాయన.

"అది ఎవరిదీ కాదండీ, నమూనా బొమ్మ. అసలువి ఇంకా రావాలి," అంది క్లస్టరమ్మ స్పష్టంగా, మర్యాదగా, మైకు ఆపి ఉందన్న సంగతి పూర్తిగా మరిచిపోయి.

అటువైపు వాళ్ళకి కనిపించింది పెదాలు కదిలి, మాట పెగలని ఒక మనిషి. డైరెక్టరు గారి మనసు కరిగింది.

"చెప్పలేకపోతున్నారు, అర్థమైంది. తోటివాళ్ళ పేరు నలుగురిలో చెప్పడం కష్టమే. పర్లేదు. సాయంత్రం ఐదింటికి అందరం కలిసి చూద్దాం. ఈలోగా ఎవరి మనస్సాక్షి వాళ్ళది," అని మీటింగు ముగించారు.

క్లస్టరమ్మ మైకు సంగతి గమనించేసరికి తెర మీద ఎవరూ లేరు. మిక్సీ కూడా ఆగిపోయింది.

మొదటి ఫోను స్టాకు చూసే గోదాము బాబాయిది. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, ఆఫీసులో అందరికీ బాబాయే.

"తల్లీ, ఒంటరిగా ఉన్నావా?"

"అత్తయ్య ఉన్నారు బాబాయ్."

"ఆవిడ పర్లేదులే. ఆ ఎర్ర గీత గురించి..."

"బాబాయ్, అది ఉత్త నమూనా..."

"నీ మంచితనం నాకు తెలుసమ్మా. నన్ను కాపాడ్డానికి నువ్వు అబద్ధమాడొద్దు. ఒక్క జత బూట్లు ఉన్నాయా లేవా అని అడిగితే, నా ప్రోగ్రాము గోదాములో ఉన్న జతలన్నీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. ప్రతిసారీ. అప్పట్లో జతలు తక్కువ, చెల్లిపోయింది. తర్వాత మారుద్దామనుకున్నా. అదుగో ఇదుగో అని..."

"ఎన్నాళ్ళయింది బాబాయ్?"

"మా మనవడు పుట్టక ముందు మాట. ఇప్పుడు వాడే మన బూట్లు వేసుకుంటున్నాడు. మధ్యాహ్నానికి సరిచేస్తా. ఐదింటికి మాత్రం నా పేరు ఎత్తకు తల్లీ."

క్లస్టరమ్మ ఫోను పెట్టేసింది. తర్వాత ఆఫీసు గ్రూపులో విడమర్చి రాసింది: 'పొద్దున చూపించినది నమూనా బొమ్మ మాత్రమే. ఎర్ర గీత ఎవరిదీ కాదు.' వెంటనే గోదాము బాబాయి రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. మరో రెండు నిమిషాలకి ఇంకొకరు పెట్టారు. మరికాసేపటికి ఇంకొకరు.

రెండో ఫోను పేమెంట్ల అక్కయ్యది. ఇద్దరూ ఆఫీసుకి వెళ్ళిన రోజుల్లో ఒకే బల్ల దగ్గర అన్నం తినేవాళ్ళు. ఆ చనువుతో ఆవిడ తిట్టడంతోనే మొదలుపెట్టింది.

"ఏమే, నీకు నేనేం ద్రోహం చేశానే? ముందు నాకొక్క మాట చెప్పి, తర్వాత డైరెక్టరుకి చూపించకూడదూ?"

"అక్కా, గ్రూపులో రాశాను చూశావా? అది ఎవరిదీ..."

"చూశాను. అది చదివాకే కదా ఏడుపొచ్చింది! ఇంత జరిగినా నన్ను వెనకేసుకొస్తున్నావు." ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "నా ప్రోగ్రాములో ఐదు సెకన్లు ఊరికే ఆగమని రాసింది నేనేనే. ఎప్పుడో ఒకసారి ఒకే ఆర్డరుకి రెండుసార్లు డబ్బు పడింది. కంగారులో ఆ ఐదు సెకన్లు పెట్టాను. అసలు తప్పు తర్వాత దొరికింది, బాగుచేశాను కూడా."

"మరి ఆ ఐదు సెకన్లు?"

"తీస్తే మళ్ళీ ఏమవుతుందోనని భయమేసిందే. నువ్వయితే తీసుండేదానివా?"

క్లస్టరమ్మ నిజాయితీగా ఆలోచించింది. తీసుండేది కాదు.

"ఇవాళ తీసేస్తున్నా. నా కడుపులో పెట్టుకున్నది నీకొక్కదానికే చెప్పాను. నీ కడుపులోనే ఉంచుకో," అని అక్కయ్య ఫోను పెట్టేసింది.

ఒంటిగంట దాటింది. గీతలు రాలేదు. ఆర్డర్లని కనిపెట్టమని ప్రతి కంప్యూటరులో కూర్చోబెట్టిన ఏజెంటు ప్రోగ్రాముని అడిగి చూసింది: పనిచేస్తున్నాను అంది. సమాచారం పోగుచేసేదాన్ని అడిగింది: సిద్ధంగా ఉన్నాను అంది. అందరూ ఎవరి కుర్చీలో వాళ్ళు బుద్ధిగా కూర్చున్నారు, పని మాత్రం జరగడం లేదు. ఆఫీసుని అచ్చుగుద్దినట్టు దింపానేమోనని ఆమెకి అనుమానం వచ్చింది.

ఆ చిరాకులో లేచి, వాషింగ్ మెషీన్లో నీళ్ళోడుతున్న బట్టలు బకెట్లోకి తీసి, పిండి ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళింది. ఫోను బల్ల మీదే ఉండిపోయింది. అది మోగింది. అత్తగారు కళ్ళజోడు వెతుక్కునే ఓపిక లేక అలాగే ఎత్తారు. పొద్దుటి నుంచి ఆవిడ ఎదురుచూస్తున్నది ఒకే ఒక్క ఫోను కోసం, మెకానిక్ ఫోను.

"హలో, మేడమ్ ఉన్నారాండీ?"

"డాబా మీదుంది బాబూ. నీ సంగతి నాకు చెప్పే వెళ్ళింది. ఎక్కడ అడ్డుపడిందో పొద్దున్నే కనిపెట్టేసింది మా అమ్మాయి."

 అటువైపున్నది మెకానిక్ కాదు, ఆఫీసులో కొరియర్లు కుదిర్చే కొరియర్ హీరో. మీటింగులో కూడా నల్ల కళ్ళద్దాలు తీయని మనిషి.

"కనిపెట్టేశారాండీ?"

"కనిపెట్టడమేమిటి, ఫొటో కూడా తీసింది. ఎప్పటిదో చెత్త! ఇన్నాళ్ళూ మీలో ఒక్కరూ మూత తీసి చూసిన పాపాన పోలేదట."

"నిజమేనండీ," అన్నాడు హీరో నీరుగారిపోయి. "కంపెనీ మూతపడి ఏడాది దాటినా, తీయడం మరిచిపోయాం."

"కంపెనీయే మూతపడిందా? అయ్యో! మరి బాగుచేసేదెవరు?"

"నేనే చేస్తానండీ. పెద్దాయనకి మాత్రం చెప్పొద్దనండి."

పెద్దాయన అంటే తన కొడుకే అనుకున్నారు అత్తగారు. "వాడికి తెలిస్తే ఊరుకుంటాడా? మీ అందరినీ మాన్పించి కొత్తవాళ్ళని పెడతాడు. సాయంత్రంలోగా వచ్చి తీసెయ్యి."

"రానక్కర్లేదండీ. ఇక్కణ్ణుంచే తీసేస్తాను. పది నిమిషాల పని."

అత్తగారు మెషీన్ ఉన్నవైపు, ఫోనువైపు మార్చి మార్చి చూశారు. "అక్కణ్ణుంచే? చెయ్యి పెట్టకుండానే?"

"అవునండీ."

"చల్లగా ఉండు నాయనా," అని మనస్ఫూర్తిగా దీవించి పెట్టేశారు.

ఖాళీ బకెట్‌తో దిగివచ్చిన కోడలికి ఆవిడ ఎదురెళ్ళారు. "అమ్మాయ్, మెకానిక్ ఫోను చేశాడు. బంగారంలాంటి మనిషి. తన షాపులో కూర్చునే మన పైపు శుభ్రం చేస్తాడట!"

క్లస్టరమ్మ ఫోనులో నంబరు చూసింది. తర్వాత అత్తగారిని చూసింది. "ఏమన్నారు అత్తయ్యా మీరు? ఒక్కో మాటా చెప్పండి," అంది. ఆవిడ చెబుతుండగానే సందేశం వచ్చి పడింది: 'మేడమ్, తీసేశాను. ప్రతి ఆర్డరుకీ ఆ మూతపడిన కొరియర్ కంపెనీని కూడా రేటు అడుగుతున్నాం. వాళ్ళు లేరు కాబట్టి జవాబు రాదు. అయినా వచ్చేదాకా కూర్చుంటున్నాం. ఇక కూర్చోం. పెద్దావిడకి నా నమస్కారాలు.'

"ఏమంటున్నాడు?" అన్నారు అత్తగారు ఆత్రంగా.

"మీకు నమస్కారాలంట అత్తయ్యా."

నాలుగున్నర దాకా ఆమె తల లేపలేదు. గీతలు రాలేదు. ఐదు కావస్తోంది. ముగ్గురి తప్పులూ ఆమెకి తెలుసు, ఒక్కటీ తెర మీద లేదు. చెబితే నమ్మినవాళ్ళని నలుగురిలో నిలబెట్టినట్టు. చెప్పకపోతే పొద్దుటి నుంచి ఏమీ చేయనట్టు. ఏదైతే అదైందని మీటింగులోకి వెళ్ళింది. ఈసారి మైకు రెండుసార్లు చూసుకుంది.

"ముందు నేనే ఒక జత కొంటాను," అన్నారు డైరెక్టరు గారు. నొక్కారు. చక్రం తిరగడం మొదలైంది. ఆయన అలవాటు కొద్దీ టీ కప్పు అందుకుని నోటిదాకా తెచ్చుకునేలోపే ఆర్డరు పూర్తయింది. ఆయన కప్పు దించేసి ఇంకో జత కొన్నారు. అదీ నాలుగు సెకన్లలో అయిపోయింది.

"అద్భుతం! ఇక చూపించండి. ఎర్ర గీత ఎవరిది?"

తెర మీద మూడు ముఖాలు బిగుసుకున్నాయి. హీరో మొదటిసారి కళ్ళద్దాలు తీశాడు. క్లస్టరమ్మ ఊపిరి బిగబట్టి అసలు పేజీ తెరిచింది. తెల్లగా, శుభ్రంగా, ఖాళీగా ఉంది. మధ్యలో ఒకే ఒక్క వాక్యం: 'చూపడానికి ఏమీ లేదు.'

ఆమె నిజం చెప్పడానికి నోరు తెరిచింది. డైరెక్టరు గారు ముందే నవ్వేశారు.

"ఏమీ లేదు! అంటే తప్పన్నదే లేదు! బయటి కంపెనీ వాళ్ళని రావొద్దని నేను ఇప్పుడే చెప్పేస్తాను."

ముగ్గురూ ఒక్కసారిగా వదిలిన ఊపిరికి లాప్‌టాప్ స్పీకరు బుస్సుమంది. తను కూడా వదిలానని క్లస్టరమ్మకి కాస్త ఆలస్యంగా తెలిసింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆకలేసింది. వంటింట్లోకి వెళ్ళి, మధ్యాహ్నం వదిలేసిన అన్నం పెరుగుతో కలుపుకుని నిలబడే తినేసింది.

కడుపు నిండాక తిరిగొచ్చి కూర్చుంటే, పొద్దుటి నుంచి దాక్కున్నది ఎదురుగానే కనిపించింది. నూటికి ఎన్ని ఆర్డర్ల జాడ పట్టాలో చెప్పే అంకె ఒకటుంటుంది. ట్రేసింగ్‌ని పరీక్షించడానికి ఎప్పుడో రాసుకున్న పాత సెట్టింగుల ఫైలునే ఇక్కడికి తెచ్చి వాడింది. అందులో ఆ అంకె సున్నా. ఎవరినీ పట్టుకోవద్దని తనే చెబితే, అన్నీ చెప్పినట్టు విన్నాయి. దాన్ని పదికి మార్చింది. నిమిషంలో గీతలు బిలబిలా వచ్చిపడ్డాయి.

స్టాకు గీత పొట్టిది. పేమెంటుది పొట్టిది. కొరియరుది కంటికి ఆననంత చిన్నది. ఆ నాలుగు సెకన్లలో మూడింటిని మింగుతూ, తెరకి అడ్డంగా ఒక్క గీత ఎర్రగా పడుకుని ఉంది. ఆర్డర్లన్నీ లోపలికి అడుగుపెట్టే మొట్టమొదటి డబ్బా, గుమ్మంలాంటిది. దానికి ఎంత కంప్యూటరు శక్తి ఇవ్వాలో నిర్ణయించింది క్లస్టరమ్మ. మొదట్లో పొదుపుగా చిటికెడు ఇచ్చి, తర్వాత పెంచుదామనుకుంది. వచ్చినవాళ్ళందరూ అక్కడే తోసుకుంటున్నారు. ఇన్నాళ్ళూ 'క్లస్టరే స్లో' అని మొత్తుకున్న ముగ్గురూ చెప్పింది అక్షరాలా నిజం.

ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అత్తగారు హాల్లో దిండు కవరు మారుస్తున్నారు. ఆ శక్తిని నాలుగింతలు చేసింది. ఎర్ర గీత ముడుచుకుని, నీలంగా మారి, మిగతావాటి పక్కన అణకువగా కూర్చుంది.

మర్నాడు బూట్లు వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోయాయి. బాబాయి, అక్కయ్య, హీరో విడివిడిగా ఫోన్ చేసి, తమ తప్పు కడుపులో దాచుకున్న ఆమె పెద్ద మనసుకి జన్మంతా రుణపడి ఉంటామన్నారు.

క్లస్టరమ్మ కాదనలేదు.