గీకితే గృహం

"ఇంటి లోను ఇక భారం కాదు, ఒక సరదా!" అని గృహశాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. ఇంటి కిస్తీని క్రెడిట్ కార్డుతో కట్టుకునే ఈ మహత్తర పథకానికి 'గీకితే గృహం' అని పేరు పెట్టింది వారే. ఆ పేరు కోసం మూడు వారాలు ఆఫీసుకు రాకుండా ఆలోచించారని పీఏ చెప్పారు. అందులో ఒక్క రోజు కూడా వృథా కాలేదని నా అభిప్రాయం.

నేను స్కూల్లో డ్రాయింగ్ మాస్టారిని. నాలుగు నెలలుగా కిస్తీ కట్టలేక చేతులెత్తేశాను. ఇల్లు వేలం వేస్తామని బ్యాంకువాళ్లు మా తలుపుకు నోటీసు అంటించి పోయారు. రెండు గదులు, వంటిల్లు, పైన డాబా. పదకొండేళ్లు కడుపు కట్టుకుని కొనుక్కున్న ఇల్లు అది. పోతుందంటే ముద్ద దిగడం లేదు. అలాంటి నన్ను వెతికి పట్టుకుని మొదటి లబ్ధిదారుగా ఎంపిక చేశారంటే మంత్రిగారిది ఎంత పెద్ద మనసో చూడండి.

ఆ కబురు మా వీధి పార్టీ కార్యకర్త మోసుకొచ్చాడు. ఎక్కడ సభ జరిగినా ముందుగా "హలో, హలో, టెస్టింగ్" అనే బాధ్యత అతనిదే కాబట్టి అందరూ అతన్ని మైకు అంటారు.

"మాస్టారూ, మీ దశ తిరిగింది! ఇదిగో మీ క్రెడిట్ కార్డు, పట్టుకుని బ్యాంకుకి బయల్దేరండి," అన్నాడు.

బ్యాంకులో క్యాషియరమ్మ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంతో లోను కిస్తీ కట్టించుకోమండీ."

"మంత్రిగారు చెప్పారు కదమ్మా!"

"ఆయన మీకు చెప్పారు. మాకు చెప్పలేదు."

నేను కార్డు తీసుకుని వెనక్కి తిరిగాను. మైకు మాత్రం చెక్కుచెదరలేదు. నన్ను నేరుగా మంత్రిగారి బావమరిది నడిపే ప్లాస్టిక్ కుర్చీల కొట్టుకు తీసుకెళ్లాడు. అక్కడ కార్డు గీకితే కుర్చీలు కొన్నట్టు బిల్లు వస్తుంది. కుర్చీలు రావు, డబ్బు వస్తుంది. బావమరిదిగారి కమీషన్ పోగా మిగిలింది బ్యాంకులో కడితే సరి. ఇంత తేలిక విషయం పెద్ద పెద్ద ఆర్థికవేత్తలకు ఎందుకు తట్టలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

"మరి ఈ కార్డు బిల్లు ఎవరు కడతారు?" అని ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది.

"ఇంకో కార్డు కడుతుందక్కా," అన్నాడు మైకు.

"దాని బిల్లో?"

"అక్కా, మీరు మరీ నెగెటివ్‌గా ఆలోచిస్తున్నారు."

బకాయిలు తీరిన రోజున తలుపు మీది నోటీసును నేనే పీకేశాను. మా ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు మంత్రిగారి మీద నిజంగానే ప్రేమ పుట్టుకొచ్చింది.

ఎనిమిది నెలలు తిరిగేసరికి నా జేబులో మూడు కార్డులు, కాగితం మీద ఏడువందల ఇరవై కుర్చీలు పోగయ్యాయి. అప్పుడొచ్చారు పథకం లెక్కలు చూసే ఆడిట్ ఆఫీసరుగారు. చంకలో ఫైలు, చేతిలో టేపు.

"ఏడువందల ఇరవై కుర్చీలు కొన్న డ్రాయింగ్ మాస్టారంటే మీరేనా?"

"నేనేనండీ."

"ఎక్కడున్నాయి?"

పక్కనే ఉన్న మైకు అందుకున్నాడు.

"సర్వీసింగుకి ఇచ్చారు సార్."

"ప్లాస్టిక్ కుర్చీలకు సర్వీసింగా?"

"రేపు వచ్చేస్తాయి సార్."

"రేపు లెక్కపెడతాను. ఒక్కటి తగ్గినా దొంగ బిల్లుల కేసే. మాస్టారి మీదే."

మర్నాడు పొద్దున్నే పార్టీ సభలకు వేసే కుర్చీలు మూడు లారీల్లో దిగాయి. మా మంచం డాబా ఎక్కింది. బీరువా వీధిలోకొచ్చింది. వంటింట్లో వంద పట్టాయి. స్నానాల గదిలో అరవై పట్టాయి. మా అత్తగారు మాత్రం తన కుర్చీలోంచి లేచేది లేదన్నారు. ఆవిడ చుట్టూ పేర్చారు.

ఆఫీసరుగారు మూడు గంటల సేపు లెక్కపెట్టారు.

"ఏడువందల ఇరవై ఒకటి. ఒకటి ఎక్కువుంది."

"అది మా అత్తగారిదండీ."

"బిల్లుందా?"

"కొని పద్దెనిమిదేళ్లయిందండీ."

"బిల్లు లేని సరుకు. లేవండమ్మా."

అత్తగారు లేచారు. ఆ కుర్చీని స్వాధీనం చేసుకుని ఆయన ఆవిడ చేతికి రసీదు కూడా ఇచ్చారు. అంత నిక్కచ్చి మనిషిని నేనెక్కడా చూడలేదు.

కేసు తప్పిందని మైకు నా వీపు తట్టాడు. ఆఫీసరుగారు మాత్రం ఇంకా ఏదో రాస్తూనే ఉన్నారు.

"మాస్టారూ, ఇందులో మనిషి పడుకునే చోటేది?"

"ప్రస్తుతానికి లేదండీ."

"అయితే ఇది ఇల్లు కాదు, గోడౌను. గోడౌనులో కాపురం ఉండకూడదు, రూలు ఒప్పుకోదు."

"కుర్చీలు తీయించేస్తాం సార్!"

"ఆడిట్ అయిన స్టాకు కదిపితే మళ్లీ కేసే."

మమ్మల్ని మర్యాదగా బయటికి పంపి, తాళం ఆయనే స్వయంగా వేశారు. ఆ పూట మా సంసారం మెట్ల మీద గడిచింది.

విషయం తెలిసి మంత్రిగారు మర్నాడే పరుగున వచ్చారు. మా గుమ్మానికి అడ్డంగా రిబ్బను కట్టించి, కత్తిరించారు. పత్రికలవాళ్లు ఫొటోలు తీశారు.

"ఒక మామూలు డ్రాయింగ్ మాస్టారు ఎనిమిది నెలల్లో గోడౌను ఓనరయ్యాడు! విమర్శించేవాళ్లు వచ్చి చూసుకోండి!"

చప్పట్లు మోగాయి. నాకు ఏడుపు ఆగలేదు. మాస్టారు సంతోషం పట్టలేకపోతున్నారని మైకు విలేకర్లకు వివరించాడు.

అంతలో మా ఆవిడ వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"అయ్యా, మేం లోపలికి ఎప్పుడు వెళ్లొచ్చు?"

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ ఆఫీసరుగారి వైపు చూశారు. ఆఫీసరుగారు ఫైలు తిరగేసి మంత్రిగారి చెవిలో ఏదో చెప్పారు. మంత్రిగారు మా ఆవిడ వైపు తిరిగి ఆప్యాయంగా నవ్వారు.

"మీ గోడౌనే కదమ్మా! పది నుంచి ఐదు దాకా ఎప్పుడైనా రండి. ఆదివారం మాత్రం సెలవు."