చచ్చిన బ్యాటరీకి జేజేలు!

కారుకి బ్యాటరీ ఉండటం గొప్పేమీ కాదు. ఎవరి కారుకైనా ఉంటుంది. అది చావడమే గొప్ప!

నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను. తాళం తిప్పగానే బుద్ధిగా స్టార్టయ్యే కారు వల్ల మనిషికి ఒరిగేదేముంది? ఎక్కుతాడు, వెళతాడు, దిగుతాడు. పక్క ఫ్లాటువాడి మొహం కూడా చూడడు. అదే బ్యాటరీ చచ్చిందనుకోండి, పది నిమిషాల్లో అపార్ట్‌మెంటంతా మీ చుట్టూ ఉంటుంది. పన్నెండేళ్ళుగా లిఫ్టులో నన్ను తప్పించి అంతస్తుల అంకెలకేసి చూస్తూ నిలబడే పెద్దమనుషులు, ఆ రోజు నా భుజం మీద చెయ్యి వేసి మరీ మాట్లాడారు. ఇంత స్నేహం ఏ క్లబ్బులో దొరుకుతుంది? నన్నడిగితే, నెలకోసారి ప్రతి కారు బ్యాటరీ చచ్చి తీరాలని చట్టం చెయ్యాలి!

ఆ రోజంటే పోయిన నెల ఓ గురువారం, పొద్దున ఎనిమిదిన్నర. మా కారు వయసు పద్దెనిమిదేళ్ళు. మా ఆవిడ వయసు యాభై రెండు. పదింటికి ఆవిడకి డ్రైవింగ్ టెస్టు. ఎవరి కారు వాళ్ళే తెచ్చుకోవాలి. ఆ టైము తప్పితే మళ్ళీ రెండు నెలల దాకా తేదీ ఇవ్వరు.

ఈ వయసులో నీకు డ్రైవింగెందుకు అని నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వింటేగా! మూడు నెలలు తెల్లారకముందే లేచి నేర్చుకుంది. అంతటితో ఊరుకుందా? కారుతో పాటు వచ్చిన పుస్తకాన్ని, పద్దెనిమిదేళ్ళుగా డాష్‌బోర్డు అరలో పడి నిద్రపోతున్నదాన్ని, బయటికి తీసి అట్ట నుంచి అట్ట దాకా చదివింది. కారు పుస్తకం చదివిన మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూడలేదు.

ఆవిడ తాళం తిప్పింది. టక్కుమంది. మళ్ళీ తిప్పింది. ఈసారి ఆ టక్కు కూడా లేదు.

"బ్యాటరీ పోయిందండీ. డిక్కీలో కేబుల్స్ ఉన్నాయిగా, ఎవరి కారైనా పక్కన పెట్టి, దాని బ్యాటరీకి కలిపితే..."

"నువ్వు కంగారుపడకు!" అని కంగారుగా అరిచి, బానెట్ ఎత్తాను.

బానెట్ ఎత్తడమంటే ఊరంతా చాటింపు వేయించడమే. ముందుగా రిటైరైన ఇంజనీరుగారు వచ్చారు. వంతెనలు కట్టినాయన. బ్యాటరీని తేరిపార చూసి, ఆలోచన కోసమని సిగరెట్ వెలిగించారు.

"బ్యాటరీ దగ్గర సిగరెట్ వద్దండీ, దాన్లోంచి గ్యాస్ వస్తుంది," అంది మా ఆవిడ.

"నలభై ఏళ్ళ సర్వీసమ్మా నాది!" అన్నారాయన. వంతెనలకి బ్యాటరీలుంటాయా అని నేను అడగలేదు. పెద్దాయన!

తర్వాత మూడో అంతస్తు పళ్ళ డాక్టరు. బ్యాటరీ కొసల మీద పేరుకున్న తెల్లటి పొడి చూసి, "క్లీన్ చేయించి ఎన్నాళ్ళయింది?" అని జాలిగా అడిగాడు. పోయినేడు తన క్లినిక్‌లోనూ నన్ను ఇదే ప్రశ్న, ఇదే గొంతుతో అడిగాడు.

ఆఖరికి, ఈమధ్యే కారు కొన్న కింది ఫ్లాటు కొత్తకారాయన తన బండి తెచ్చి, మా బండికి ముద్దు పెట్టేంత దగ్గరగా ఆపాడు. "రెండూ తగలకూడదండీ," అంది మా ఆవిడ. ఎవరూ వినలేదు. అప్పటికే ఎర్ర కేబుల్ ముందా నల్లది ముందా అన్న మహాసభ మొదలైంది. ఎర్రది అన్నాడు డాక్టరు. ఏదైనా ఒకటే అన్నారు ఇంజనీరుగారు. అసలు తోస్తే పోలా అన్నాడు కొత్తకారాయన. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు గానీ, అక్కడ మజ్జిగే లేదు, అంతా నీళ్ళే! తొమ్మిదయింది. తొమ్మిదీ పది నిమిషాలయింది. మా ఆవిడ పుస్తకంలో ఓ పేజీ దగ్గర వేలు పెట్టుకుని, మా నాలుగు వీపుల వెనక నిలబడి ఉంది.

"ఇందులో వరసగా రాసుందండీ..."

"నువ్వు పైకెళ్ళి కాస్త మంచినీళ్ళు పట్రా," అన్నాడో మహానుభావుడు. ఆ మహానుభావుణ్ణి నేనే.

ఆవిడ వెళ్ళింది. ఆవిడ సీసాతో తిరిగొచ్చేసరికి కేబుళ్ళ అటు కొసలు కొత్తకారు బ్యాటరీకి ఎక్కాయి, ఇటు డాక్టరు చేతిలోని ఎర్ర క్లిప్పూ నల్ల క్లిప్పూ ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. ఫట్! నిప్పురవ్వలు లేచాయి. నలుగురం నాలుగడుగులు వెనక్కి గెంతాం. ఇంజనీరుగారి సిగరెట్ ఆయన నోట్లోంచి ఎప్పుడు రాలిందో ఆయనకే తెలీదు.

మా ఆవిడ సీసా నా చేతిలో పెట్టి, కళ్ళజోడు పెట్టుకుంది.

"ఆ సిగరెట్ ఆర్పండి. మీ బండి మూరెడు వెనక్కి తీసి ఇంజన్ ఆపండి. మీరు ఆ క్లిప్పులన్నీ తీసి ఇటివ్వండి."

బ్యాటరీ ఎక్కడైనా పగిలిందా, కారిందా అని చూసింది. పొడి తుడిచింది. ఎర్రది ముందు మా బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస కొత్తకారాయన బ్యాటరీ ప్లస్‌కి. నల్లది ఆయన మైనస్‌కి. మిగిలిన నల్ల కొసని మాత్రం దూరంగా, మా ఇంజన్ మీద రంగు లేని ఇనుప బోల్టుకి పెట్టబోయింది.

"బ్యాటరీకి కదమ్మా పెట్టాలి!" అన్నారు ముగ్గురూ ఒకే గొంతుతో. అంతసేపట్లో వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే, అదీ తప్పు.

"ఆఖరి క్లిప్పు దగ్గర నిప్పురవ్వ వస్తుందండీ. అది బ్యాటరీకి దూరంగా రావాలనే ఇక్కడ పెట్టేది."

ఆయన బండి స్టార్ట్ చేయించి ఐదు నిమిషాలు ఆగింది. తర్వాత మా తాళం తిప్పింది. పద్దెనిమిదేళ్ళ ముసలిది గొంతు సవరించుకుని లేచింది! పెట్టిన వరసకి తిరగేసి క్లిప్పులు తీసేసింది. అప్పుడా ముగ్గురూ వచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. నాకు!

దారిలో అలవాటుగా నా చెయ్యి రేడియో మీదికి వెళ్ళింది. "వద్దండీ, అరగంటైనా బ్యాటరీ నిండనివ్వాలి," అంది. సరే, ఏదో ఒకటి మాట్లాడాలి కదా! ఈ కాలం బ్యాటరీల నాసిరకం గురించి, కంపెనీల మోసాల గురించి అందుకున్నాను.

"బ్యాటరీ తప్పేముందండీ? రోజూ ఆఫీసు నుంచొచ్చి, ఇంజన్ ఆపేసి, గంటసేపు కార్లోనే కూర్చుని పాటలు వింటే ఏ బ్యాటరీ బతుకుతుంది?"

నా పని తేలు కుట్టిన దొంగలా అయింది. ఇంటికెళితే ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడతారని నేను దాక్కునే చోటు అది. ఎవరికీ తెలియదనుకున్నాను.

"నీకెలా తెలుసు?"

"బాల్కనీలోంచి కనిపిస్తుంది. రెండేళ్ళ నుంచీ చూస్తూనే ఉన్నా."

"మరి ఎప్పుడూ అడగలేదే?"

"పైకొస్తే అడుగుదామని," అని గేరు మార్చింది.

టెస్టులో పాసైంది. ఇప్పుడు కారు ఆవిడే తీసుకెళుతోంది, నేను బస్సెక్కుతున్నాను. సాయంత్రం కూర్చోవడానికి కారు లేదు కాబట్టి గత్యంతరం లేక తిన్నగా పైకే వెళుతున్నాను. ఇన్ని తెలిసిన మనిషిని ఇన్నేళ్ళుగా మంచినీళ్ళకి పంపుతూ వచ్చినందుకు సిగ్గేస్తోంది. ఈ సిగ్గు కూడా బ్యాటరీ చలవే!

నిన్న ఆదివారం కొత్తకారాయన లైట్లు ఆర్పడం మరిచిపోయాడు. బానెట్ లేచింది, మహాసభ కూడింది. చివరికి ఆయనే వచ్చి మా తలుపు కొట్టాడు. మా ఆవిడ తీసింది.

"మీవారున్నారామ్మా? కారు స్టార్ట్ చేసిపెట్టాలి."

నేను లేచాను. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళ సీసా నింపుకుని, కళ్ళజోడు పెట్టుకుని దిగుతున్న ఆవిడ వెనకాలే దిగాను.