రెండో మనిషి అక్కర్లేని రేసు

ఆటకు రెండో మనిషి అక్కర్లేకుండా చేసిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు నిలువెత్తు విగ్రహం పెట్టించాలి!

మా అమ్మాయినే చూడండి. సోఫాలో పడుకుని, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఫోన్లో బైక్ రేసు ఆడుతుంది. పోటీపడేవాళ్ళు ఏ దేశంలో ఉన్నారో తనకు తెలీదు. నచ్చకపోతే బ్లాక్ చేస్తుంది. అలకల్లేవు, బతిమాలడాల్లేవు. ఇంతకన్నా ప్రశాంతత ఎక్కడుంది చెప్పండి?

మా కాలపు దౌర్భాగ్యం మీకు విన్నవిద్దామని పోయిన ఆదివారం మధ్యాహ్నం అటక మీంచి పాత వీడియో గేమ్ పెట్టె దించాను. అందులో మేం అన్నదమ్ములం చిన్నప్పుడు ఆడిన మోటార్‌సైకిల్ రేసు ఉంది. బూడిదరంగు రోడ్డు, అగ్గిపెట్టెలంత బైకులు, ఇంజన్ చప్పుడు అచ్చం మిక్సీదే. ఉన్నది ఒకటే చెట్టు, అదే నలభైసార్లు వస్తుంది. దేన్నైనా గుద్దామా, ఆట మొదటికి!

పైగా జాయ్‌స్టిక్ ఒకటే. ఒకడు పడితేగానీ ఇంకొకడికి వంతు రాదు. అందాకా పక్కనే కూర్చుని, వాడెప్పుడు పడతాడా అని కాచుకోవాలి. ఎంత అనాగరికం!

స్విచ్ వేస్తే టీవీలో బొమ్మ వచ్చి పోతోంది. వైరు ఎవరో ఒకరు నొక్కి పట్టుకోవాలి. మా ఆవిణ్ణి పిలిచాను.

"నాకు ఆ ఒక్క పనే తక్కువైంది! పైన మీ తమ్ముడున్నాడుగా, పిలుచుకోండి" అంది.

తమ్ముడు మా పై అంతస్తులోనే ఉంటాడు. కింద బైకు పెట్టుకునే చోటు దగ్గర మాటామాటా పెరిగి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ ఫ్యామిలీ గ్రూపులో బొటనవేలు బొమ్మలు పంపుకుంటూ హాయిగా ఉన్నాం. టెక్నాలజీ లేకపోతే ఆ మాత్రం బంధుత్వమైనా మిగిలేదా?

కేవలం పరిశోధన కోసమే మెట్లెక్కాను. వాడే తలుపు తీశాడు.

"ఆ బైకు గేము... వైరు పట్టుకోవాలి" అన్నాను.

చేతిలో ఉన్న టీ కప్పుతోనే కిందికొచ్చేశాడు.

వాడు వైరు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. నేను బైకు నడిపాను. ఒక మలుపు దగ్గర వాడు ఉండబట్టలేక, "అన్నయ్యా, ఎడమకి! లారీ!" అని అరిచాడు.

రెండేళ్ళ తర్వాత వాడి నోట్లోంచి వచ్చిన మొదటి పిలుపు అది. లారీ తప్పించుకున్నాను. కానీ వాడి చూపంతా జాయ్‌స్టిక్ మీదే. అడగడు. చిన్నప్పుడూ అడిగేవాడు కాదు, మూతి ముడుచుకుని కూర్చునేవాడు.

ముందు పురుగైనా లేని తిన్నటి రోడ్డు మీద నా బైకు పల్టీ కొట్టింది. ఇప్పటి ఆటల్లో ఇలాంటి ప్రమాదానికి అవకాశమే లేదని గమనించగలరు.

"కావాలనే పడ్డావు కదూ?" అన్నాడు తమ్ముడు.

"రోడ్డు బాలేదురా" అని జాయ్‌స్టిక్ వాడి చేతిలో పెట్టి, వైరు నేను పట్టుకున్నాను.