గ్యాలరీకి గొంతుల సరఫరా

హాకీ మ్యాచ్‌లకు జనం రావడం లేదని, వచ్చిన కొద్దిమందీ వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటున్నారని తేలడంతో, రేవుపేట మునిసిపాలిటీ ఇళ్లలోని గొంతులను మంచినీళ్ల గొట్టాల ద్వారా స్టేడియానికి మళ్లించింది. మ్యాచ్ ఉన్న రోజు మధ్యాహ్నం వంటింటి కుళాయికి నోరు ఆనించి ‘ఆ’ అంటే చాలు, గొంతు వెళ్లిపోయేది. సాయంత్రం నీళ్లు వదిలాక మొదటి గ్లాసు తాగితే తిరిగి వచ్చేది.

ఫలితం మొదటి వారంలోనే కనిపించింది. ఇళ్లు ప్రశాంతంగా ఉన్నాయి, స్టేడియం హోరెత్తిపోయింది. ఆ హోరు వినడానికి జనం కూడా రావడం మొదలుపెట్టారు. గొంతు ఇచ్చి వచ్చిన వాళ్లు కాబట్టి బుద్ధిగా కూర్చునేవారు. ఒక్కటే ఇబ్బంది. గొంతుకు కొత్త మాటలు నేర్పడం కుదరదు. ఇంట్లో రోజూ అనే మాటలే గ్యాలరీలోనూ అంటుంది. ‘గ్యాసు కట్టెయ్’, ‘నా తువ్వాలేది’ అనే కేకల మధ్య గోల్స్ పడేవి. ఆటగాళ్లకు అదీ ఉత్సాహంగానే ఉండేది. అవతలి జట్టుకు అన్యాయం జరగకూడదని సగం గొంతులు వాళ్ల గ్యాలరీకి కేటాయించేవారు.

అమ్మాయిల ఫైనల్ ముందురోజు వీరవేణి సరఫరా కార్యాలయానికి వెళ్లింది. ఆమె కూతురు లోవకుమారి రేవుపేట జట్టులో సెంటర్ ఫార్వర్డ్. ఈ మ్యాచ్‌లో గోల్ కొడితే రాష్ట్ర జట్టులోకి తీసుకుంటామని సెలక్టర్లు చెప్పి ఉన్నారు.

“మా అమ్మాయి ఆడతందండి. నా గొంతు మావోళ్ల వైపు ఏయించండి బాబూ,” అంది ఏఈ ప్రసాదరాజుతో.

“కుదరదమ్మా. అవతలోళ్లు మీ గొంతే కావాలని ముందే అడిగేరు.”

“నా గొంతుతో వాళ్లకేం పనండీ?”

“పరీక్షలు చేసేం కదండీ. ఆడపిల్ల పరుగు ఆపడానికి మీ గొంతంత నికార్సయింది ఊళ్లో ఇంకోటి లేదు.”

పొగడ్తో కాదో తేలక, వీరవేణి నమస్కారం పెట్టి వచ్చేసింది.

మరునాడు గ్యాలరీలో కాలు పెట్టే చోటు లేదు. ఆట మొదలైన కాసేపటికే లోవకు బంతి దొరికింది. ఒక డిఫెండర్‌ను దాటింది, రెండో ఆమెను తప్పించింది, గోల్ ముందరి డి గీత లోపలికి దూసుకెళ్లి స్టిక్ ఎత్తింది. వీరవేణి లేచి నిలబడింది. అప్పుడు ఎదురు గ్యాలరీ లోంచి ఆమె గొంతు స్పష్టంగా వినిపించింది.

“పరిగెత్తకే, పడతావు. చున్నీ సర్దుకోవే.”

లోవ కాలు ఆగిపోయింది. ఎడమచెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్లి, లేని చున్నీని సర్దింది. బంతిని ఎవరో తన్నుకుపోయారు. అవతలి గ్యాలరీ ఊగిపోయింది. శబ్ద నాణ్యత చాలా బాగుందని మైకులో ప్రకటించారు.

విరామంలో లోవ కంచె దగ్గరికి వచ్చింది. వీరవేణి గొంతు మీద చెయ్యి పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది.

“నాకు తెల్సులేమ్మా, నువ్వు కాదని,” అంది లోవ. “నా కాలికేం తెల్సు?”

కోచ్ ఎస్తేరు సమస్యను ఏఈకి విన్నవించింది. ఒకసారి కేటాయించిన గొంతును వెనక్కి తీసుకునే వీలు లేదు. అయితే రేవుపేట వాటాలో ఉన్న ఆదిలక్ష్మి గొంతును పూర్తిగా విప్పవచ్చునని ఆయన సూచించాడు. ఆదిలక్ష్మిది వీరవేణి పక్కిల్లే. ఆమెకు ఇద్దరూ మగపిల్లలు.

రెండో సగంలో లోవకు మళ్లీ బంతి చిక్కింది. “మెల్లిగా నడవ్వే, ఎవరైనా చూస్తారే,” అంది తల్లి గొంతు. కాలు తడబడబోయింది. అంతలో ఇటు గ్యాలరీ దద్దరిల్లింది.

“కానీరా నాన్నా! ఎవడేమంటాడో నేను చూసుకుంటాను. కొట్టరా!”

ఆ నాన్న ఎవరా అని లోవ ఒక్క క్షణం పక్కకు చూసింది. ఎవరూ లేరు. కొట్టింది. బంతి గోల్ వెనక పలకకు తగిలిన చప్పుడు పై వరసలకూ వినిపించింది. వీరవేణి చేతులు మంటపుట్టేదాకా చప్పట్లు కొట్టింది.

రాబోయే సీజన్ నుంచి ఆడపిల్లల మ్యాచ్‌లకు మగపిల్లల తల్లుల గొంతులే వాడాలని ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. ఊరంతా హర్షించింది.

ఇంటికి రాగానే వీరవేణి గ్లాసు నీళ్లు గటగటా తాగింది. ఏమనాలో దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది.

“ఎంత బాగా కొట్టావురా నాన్నా,” అంది.

పొరపాటున ఆదిలక్ష్మి గొంతు వచ్చిందేమోనని గోడ దగ్గరికి వెళ్లి విన్నది. అవతల ఆదిలక్ష్మి తన గొంతుతోనే కొడుకుల్ని అన్నానికి పిలుస్తోంది.

లోవ బూట్లయినా విప్పకుండా తల్లి ముఖంలోకే చూస్తోంది.

“ఇంకోసారి అనమ్మా,” అంది.

వీరవేణి అంది.