ట్రెవన్నిక్ పై డివిజన్‌కి ఎక్కిన వైనం

"ట్రెవన్నిక్ రగ్బీ క్లబ్ ఈ ఏడాది పై డివిజన్‌కి ప్రమోట్ అవుతుంది. ఇది నా హామీ కాదు, నా నిర్ణయం" అని కౌన్సిలర్ డెన్‌జిల్ ట్రెగెన్‌జా గారు ఫిబ్రవరిలో మా క్లబ్‌హౌస్‌లో బల్ల ఎక్కి ప్రకటించారు. ఆయన మా క్లబ్ ప్రెసిడెంటు కూడా. మే నెలలో కౌంటీ ఎన్నికలు. ఈ రెంటికీ సంబంధం ఉందని ఎవరైనా అంటే, అది వాళ్ళ సంస్కారానికే వదిలేస్తున్నాను.

నేను టీ, మాంసం కూరిన పేస్టీలు అందించే కిటికీ వెనక నిలబడతాను. అక్కణ్ణించి ఒకవైపు గ్రౌండు, ఇంకోవైపు ఆ బల్ల కనిపిస్తాయి. ఇంత పెద్దమనిషిని ఇంత దగ్గరగా చూసే భాగ్యం ఊళ్ళో అందరికీ దక్కదు. కాబట్టి చూసింది చూసినట్టు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

అప్పటికే మా జట్టు పట్టికలో అందరికన్నా పైన ఉంది. పక్క ఊరు పోల్‌మెరో మాతో సమానంగా ఉంది. ఈ సంగతి ఎవరో చెవిన వేసిన మర్నాడే ప్రెసిడెంటు గారు నిర్ణయం తీసుకున్నారు. అంతకుముందు ఆయన గ్రౌండు వైపు వచ్చింది తక్కువ. కాస్త దూరంగా ఉంటేనే విజన్ స్పష్టంగా ఉంటుందని ఒకసారి నాతో అన్నారు కూడా.

అందరం చప్పట్లు కొట్టాం. కొట్టాక ఆలోచించాం.

మా డివిజన్‌లో ఏ ఊరు వెళ్ళి ఆడినా గంటలోపు ఇంటికి వచ్చేయొచ్చు. పై డివిజన్ అంటే మా కౌంటీ పొలిమేర తేమర్ నది దాటాలి. పక్క కౌంటీ డెవన్ అంతా దాటి, ఆ పై కౌంటీ సోమర్‌సెట్ చివర ఎక్కడో ఆడాలి. తెల్లారి బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేది రాత్రికే. అక్కడివన్నీ పెద్ద ఊళ్ళ జట్లు. ఆడేవాళ్ళు మా వాళ్ళకి కొడుకుల వయసు వాళ్ళు. సెయింట్ కెలిన్ క్లబ్ వాళ్ళు ఇలాగే పైకి వెళ్ళారు. ఇప్పుడు వాళ్ళ గ్రౌండులో వేసవికి వచ్చినవాళ్ళు కారవాన్ బళ్ళు నిలుపుకుంటున్నారు.

ప్రెసిడెంటు గారు దీన్ని దూరం అనలేదు. 'ఎక్స్‌పోజర్' అన్నారు.

అందరికన్నా ఎక్కువ దిగులు పడ్డది మా కెప్టెన్ పెట్రోక్. స్క్రమ్‌లో ముందు వరసలో తల దూర్చి తోసే మనిషి. మెడ, భుజం వేరు వేరుగా కనిపించవు. ఊరి చివర పాడి ఉంది. ఒక శనివారం ఆట అయ్యాక కిటికీ దగ్గరికి వచ్చి, టీ ముందు పెట్టుకుని తాగకుండా నిలబడ్డాడు.

"సాయంత్రం ఐదుకి పాలు పిండాలత్తా. కెప్టెన్ సోమర్‌సెట్‌లో ఉన్నాడంటే ఆవులు ఆగుతాయా?"

ఆ ఒక్క పూటకి ఎవరినైనా పెట్టుకోరాదా అన్నాను. వాళ్ళావిడ కెరెన్‌కి శనివారాలు ఆసుపత్రిలో డ్యూటీ అట.

"ఇంకెవర్ని పెట్టమంటావు? శనివారం పూట పనికొచ్చే మనిషంటూ ఈ ఊళ్ళో ఉంటే, వాడు మన జట్టులోనే ఉన్నాడు."

"ప్రెసిడెంటు గారికి చెప్పకపోయావా?"

"చెప్పాను. ఆవులక్కూడా విజన్ ఉండాలన్నారు." పెట్రోక్ కప్పు అటూ ఇటూ తిప్పాడు. "వారమంతా నేను మాట్లాడేది వాటితోనే. శనివారం ఒక్కపూటే మనుషులతో. క్లబ్ పైకి వెళ్తే నేను ఇంట్లో ఉండిపోవాలి, అంతే."

అంటే క్లబ్ గెలిస్తే పెట్రోక్ ఓడినట్టు. జట్టులో సగం మంది లెక్క ఇలాగే ఉంది. ఒకడికి చేపల పడవ, ఒకడికి రాత్రి షిఫ్టు, ఒకడికి వృద్ధాశ్రమంలో తల్లి. కానీ పైకి వెళ్ళడం మాకు వద్దని బల్ల ఎక్కి చెప్పే మగాడు ఒక్కడూ లేడు. రగ్బీలో పళ్ళు ఊడితే పరువు పోదు. అలాంటి మాట అంటే పోతుంది.

ఏప్రిల్‌లో ఆఖరి మ్యాచ్ వచ్చింది. మేమూ పోల్‌మెరో అప్పటికీ సమానమే. పైకి వెళ్ళేది ఒక్క జట్టే. మా మీద ఆడాల్సిన లాన్‌వెరిన్ జట్టు అట్టడుగున ఉంది. ప్రెసిడెంటు గారు వారపత్రిక విలేకరినీ ఫొటోగ్రాఫర్‌నీ పిలిపించారు. ఆ రోజుకని కొత్త కోటు కుట్టించుకున్నారు.

లాన్‌వెరిన్ వాళ్ళు ఒక వ్యానులో తొమ్మిదిమంది దిగారు. మిగిలినవాళ్ళు ఎవరిదో పెళ్ళిలో ఉన్నారట. జట్టుకి పదిహేనుమంది కావాలి. రిఫరీ గడియారం చూసి, ఆట లేకుండానే మేం గెలిచినట్టు రాయనా అన్నాడు.

సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటు గారు విలేకరికి ట్రెవన్నిక్ క్రీడాస్ఫూర్తి గురించి చెబుతున్నారు. ఇక్కడ అతిథే ముఖ్యం, గెలుపు తర్వాత అన్నారు. ఆ వాక్యం పూర్తి కాకముందే పెట్రోక్ రిఫరీతో, ఆరుగురిని మేం అప్పిస్తాం అన్నాడు. మా లీగ్‌లో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీయే. మనుషులు తక్కువై వచ్చిన జట్టుకి ఇంటి జట్టువాళ్ళు మనుషుల్ని ఇస్తారు, ఫలితం మామూలుగానే లెక్కలోకి వస్తుంది. ఎప్పుడూ ఇచ్చేది మాత్రం బెంచీ మీద మిగిలినవాళ్ళని.

పెట్రోక్ తనని తాను ఇచ్చుకున్నాడు. తనతోపాటు జట్టులో ఐదుగురు గట్టివాళ్ళని ఇచ్చాడు. ఆ ఖాళీల్లోకి మా రెండో జట్టువాళ్ళు వచ్చారు.

ప్రెసిడెంటు గారు అతని భుజం మీద చెయ్యేసి, ఫొటోగ్రాఫర్ వైపు నవ్వుతూనే గొంతు తగ్గించారు.

"పెట్రోక్, బంగారం, అప్పిచ్చేటప్పుడు అందరూ అడుగున ఉన్నవి ఇస్తారయ్యా."

"వచ్చినవాళ్ళకి అడుగున ఉన్నవి పెడతామా, ప్రెసిడెంటు గారూ?"

విలేకరి ఆ మాట రాసుకున్నాడు. ఇక ప్రెసిడెంటు గారు చేయగలిగింది లేకపోయింది. తల ఊపి, ఇది తమ ఆలోచనే అని విలేకరికి చెప్పారు.

మా వాళ్ళు చక్కగా ఓడిపోవడం మొదలుపెట్టారు. సగం ఆట అయ్యేసరికి లాన్‌వెరిన్ ఇరవై ఒకటి, మేం సున్నా. పెట్రోక్ మొహంలో ఆ ఏడాది మొదటిసారి నవ్వు చూశాను. గీత దగ్గరినుంచి ప్రెసిడెంటు గారు మా వాళ్ళకి ఎన్నో సూచనలు ఇచ్చారు. అవి వాళ్ళు శ్రద్ధగా విని ఎడమవైపు వెళ్ళమంటే కుడివైపు వెళ్ళారు.

విరామానికి కాస్త ముందు లాన్‌వెరిన్ మనిషి ఒకడి చీలమండ బెణికింది. మళ్ళీ ఒక మనిషి తక్కువ. అప్పుడు ప్రెసిడెంటు గారు చేసిన పని నేను బతికినంతకాలం మరిచిపోను. కొత్త కోటు విప్పి నా కిటికీలోంచి నాకు అందించారు.

"లవ్‌డే, మన క్లబ్‌కి నేను ఎక్కువగా ఉపయోగపడేది వాళ్ళ జట్టులో ఉంటేనే."

అరవై దాటిన మనిషి. లాన్‌వెరిన్ చొక్కా పొట్ట మీదికి సగమే దిగింది. ఎదుటి జట్టులో చేరి దాన్ని బలహీనపరచడం అనే విద్యలో ఆయనకి కౌన్సిల్‌లో ఉన్న అనుభవం ఆ రోజు బాగా అక్కరకొచ్చింది. బంతి వస్తే వదిలేశారు. పెట్రోక్ పరిగెడుతుంటే అడ్డంగా నిలబడ్డారు. మా వాళ్ళు ఎవరైనా ఎదురొస్తే మర్యాదగా పక్కకి జరిగి దారి ఇచ్చారు.

ఆ దారిలోనే బేకరీ జోరి వచ్చాడు.

జోరి మా రెండో జట్టులో రెక్క దగ్గర, అంటే గ్రౌండు పక్క అంచున ఆడతాడు. నలభై ఐదేళ్ళు, పొట్ట. ఇన్నేళ్ళ ఆటలో ఒక్కసారి కూడా గీత దాటి బంతి నేలకి తాకించి ట్రై కొట్టిన పాపాన పోలేదు. ఓడాలన్న సంగతి అతనికీ తెలుసు. అయినా చేతిలోకి బంతి వచ్చింది, ఎదురుగా ప్రెసిడెంటు గారు తప్పుకున్నారు, ముందంతా పచ్చగడ్డి. జోరి పరిగెత్తాడు. గ్రౌండు మొత్తం నోరు తెరుచుకుని చూసింది. గీత దాటి బంతితో సహా బోర్లా పడ్డాడు.

లేచి మట్టి దులుపుకోకుండా పెట్రోక్ దగ్గరికి వెళ్ళాడు.

"ఏమనుకోకు పెట్రోక్. ముందు ఎవరూ లేరు. ముందు ఎవరూ లేకపోతే ఎలా ఉంటుందో నాకు ఇప్పటిదాకా తెలీదు."

పెట్రోక్ అతని చొక్కా మీది మట్టి దులిపాడు. కొట్టింది ఒక్కటే కదా. కానీ రుచి తెలిసిన మనిషి ఆగలేదు. ప్రెసిడెంటు గారూ తప్పుకోవడం ఆపలేదు. జోరి ఇంకో రెండు కొట్టాడు. ఒక్కో ట్రైకి అయిదు. వాటి తర్వాత అదనపు పాయింట్ల కోసం తన్నే కిక్కులు మాత్రం మా వాడు జాగ్రత్తగా పక్కకే తన్నాడు. ఇరవై ఒకటి, పదిహేను దగ్గర రిఫరీ ఆఖరి ఈల ఊదాడు. ఓడిపోయాం. జట్టంతా ఒకరినొకరు కావలించుకున్నారు. ఓడినందుకు ఇంత సంబరం ఏమిటని విలేకరి అడిగితే, క్రీడాస్ఫూర్తి అన్నాను.

ప్రెసిడెంటు గారు బురదలోనే కూలబడి కాసేపు ఆకాశం చూశారు. తర్వాత జనం ఎందుకు నవ్వుతున్నారో చూశారు. నాయకుడంటే అక్కడే తెలుస్తుంది. నేరుగా లోపలికి వచ్చి, బురద బూట్లతోనే బల్ల ఎక్కారు.

తన ప్రజల మనసు తనకి తెలుసన్నారు. తేమర్ దాటడం వాళ్ళకి ఇష్టం లేదని, వాళ్ళు చెప్పకుండానే గ్రహించానన్నారు. ఆవుల ప్రస్తావన కూడా తెచ్చారు. "అందుకే ఈ వయసులో పరాయి చొక్కా తొడుక్కున్నాను. మనల్ని ఓడించడానికి నా వంతు నేను చేశాను" అన్నారు. క్లబ్‌హౌస్ పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. పెట్రోక్ కూడా కొట్టాడు.

అప్పుడే బారులో ఫోను మోగింది. లీగ్ సెక్రటరీ. ప్రెసిడెంటు గారే కావాలన్నాడు. బల్ల మీదికే ఫోను అందించాం. ఆయన వింటూ రెండుసార్లు "అవును" అన్నారు, ఒకసారి "చాలా సంతోషం" అన్నారు. ఫోను కిందికి ఇచ్చేసి గొంతు సవరించుకున్నారు.

"ఓడించడం ఎవరైనా చేస్తారు. ఎంతతో ఓడించాలన్నదే అసలు సంగతి. ఏడు, అంతకన్నా తక్కువ తేడాతో ఓడిన జట్టుకి ఒక పాయింటు ఇస్తారు. నేను ఆరు దగ్గర ఆపాను."

పోల్‌మెరో వాళ్ళు నలభై తేడాతో ఓడారట. వాళ్ళ కెప్టెన్‌కీ పాడి ఉంది. మేం గెలుస్తామని వాళ్ళ లెక్క, వాళ్ళు గెలుస్తారని మా లెక్క. ఒక్క పాయింటుతో మేం పైకెక్కాం.

ఆ పాయింటు సంగతి మా అందరికీ తెలిసిందే. ఇంతకుముందు ఎప్పుడూ కావాలని ఓడలేదు గనక ఎవరికీ గుర్తు రాలేదు. వద్దని చెప్పకూడదా అని పెట్రోక్ అడిగాడు. ప్రెసిడెంటు గారు ఫోనులోనే ఒప్పుకున్నారట. ఫొటోగ్రాఫర్ అందరినీ దగ్గరగా జరగమన్నాడు. పెట్రోక్ గోడ గడియారం చూసి, ఆవుల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఫొటోలో అతను లేడు.

ఎన్నికల్లో ప్రెసిడెంటు గారు భారీగా గెలిచారు. కరపత్రం మీద ఆయన బురదలో బంతితో ఉన్న బొమ్మ వేశారు. ఏ జట్టు చొక్కానో బురదలో తెలియలేదు. గెలిచాక గ్రౌండు గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టించారు. మా ఊరి స్థాయి పెరిగిందని దాని మీద ఉంది.

జూన్‌లో పెట్రోక్ మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆట లేని రోజు.

"అత్తా, పోల్‌మెరోలో పేస్టీలు ఎలా ఉంటాయి?"

పోల్‌మెరో వాళ్ళతో అతనికి పదిహేడో ఏటినుంచి పడదు. వాళ్ళతో స్క్రమ్‌లోనే అతని ముక్కు రెండుసార్లు విరిగింది. నేను కాసేపు బల్ల తుడిచాను.

"ఉప్పెక్కువ."

"అలవాటు చేసుకోవాలి" అన్నాడు.

అతని వెనక ఒకరొకరుగా పోల్‌మెరో జట్టుకి వెళ్ళారు. పడవ ఉన్నవాడు, షిఫ్టు ఉన్నవాడు, తల్లి ఉన్నవాడు, చివరికి రెండో జట్టువాళ్ళు కూడా. వెళ్ళేటప్పుడు అందరూ నాకు చెప్పే వెళ్ళారు.

సెప్టెంబరులో పై డివిజన్ మొదటి మ్యాచ్ మా గ్రౌండులోనే పడింది. సోమర్‌సెట్ చివరినుంచి ఒక పెద్ద బస్సు వచ్చింది. అందులోంచి ఇరవై మూడుమంది కుర్రాళ్ళు, ముగ్గురు కోచ్‌లు, ఒక డాక్టరు దిగి, మా జట్టు ఎక్కడని అడిగారు. మధ్య గీత మీద జోరి ఒక్కడే శుభ్రంగా ఉతికిన చొక్కాలో నిలబడి ఉన్నాడు. రిఫరీ గడియారం చూసుకుని వాళ్ళు గెలిచినట్టు రాశాడు. అంత దూరం వచ్చారు కదా అని నేను అందరికీ టీ, కుంకుమపువ్వు కేకు పెట్టాను. తిని వెళ్ళిపోయారు. అదే సమయానికి పోల్‌మెరోలో ఆట ముగించుకుని, ఆ జట్టు నల్ల చొక్కాతోనే పెట్రోక్ మా గేటు ముందు నుంచి ట్రక్కులో ఇంటికి పోతున్నాడు. అయిదు కావస్తోంది. ఇటు చూడలేదు.

కొత్త డివిజన్‌లో మొదటి అనుభవం ఎలా ఉందని వారపత్రిక విలేకరి ప్రెసిడెంటు గారిని అడిగాడు. ఆయన ఖాళీ గ్రౌండుని ఆ చివరినుంచి ఈ చివరిదాకా తృప్తిగా చూశారు.

"పైకొచ్చాక ఈ గ్రౌండులో మన గీత దాటి ఇంతవరకూ ఒక్కడూ ట్రై కొట్టలేకపోయాడు. అది రాసుకో."

రాసుకున్నాడు.